నేను చూడని పది టేకుచెట్లు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు పది టేకుచెట్లు ఉండేవి. ఎక్కడో వేరే జిల్లాలో, ఎర్రనేలలో, వరుసగా. అవి నావని చెప్పే ఆకుపచ్చ అంచు పత్రం ఒకటి నా ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య ఉండేది. చెట్లను మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు పినపాక దాటాక అడవి లోపలికున్న ఒక ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. ఒంటరి మనిషిని. కిరాయి గది, కిరోసిన్ స్టవ్వు, టీకా మందుల డబ్బా, ఇదే సంసారం. ఉన్న కోరికల్లా ఒక్కటే, రిటైరయ్యేలోపు ఖమ్మంలో నాదనిపించుకునే రెండు గదుల ఇల్లు. పదిహేనేళ్లు ఓపిక పడితే ఆ చెట్లే ఇల్లు కట్టిపెడతాయని అన్న చెప్పాడు.

అన్నంటే తోడబుట్టినవాడు కాడు. బొగ్గుగనిలో క్లర్కుగా చేసి, ముందే రిటైర్మెంట్ తీసుకుని, ఆ తర్వాత టేకుచెట్లు పెంచి అమ్మిపెడతామనే కంపెనీకి ఏజెంటైన పెద్దమనిషి. నెలకో ఆదివారం మణుగూరు నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. చాయ్ తాగి ఫారాలు తీసేవాడు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి ఉంచేవాడు. నేను చదవబోతే, "గదంతా ఇంగ్లీషు చెల్లె, నీకెందుకు పరేషాన్? నేను చూసుకుంట గద," అనేవాడు. ఆ మాట ఎంత హాయిగా ఉండేదో! నా సంగతి చూసుకుంటానని ఒకరు అని అప్పటికి చాలా ఏళ్లయింది. మందు సీసా మీద గడువు తేదీ చూడకుండా సూది ఎత్తనిదాన్ని, నా జీతం పోయే కాగితం మాత్రం చదవలేదు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నా చుట్టూ ఉన్నదంతా టేకే. కొమ్మ విరిస్తే గార్డు పట్టుకునే టేకు. గూడేలకు టీకాలకు వెళ్లేటప్పుడు దాని కిందినుంచే నడిచేదాన్ని. లేత ఆకు నలిపితే వేళ్లు ఎర్రబడేవి. వానాకాలంలో కొమ్మల చివర తెల్లని పూత పాలపొంగులా పైకి లేచేది. దారిలో ఏదో ఒక చెట్టు దగ్గర ఆగి, నాది ఈపాటికి ఇంత ఉంటుందా అని రెండు చేతులూ చుట్టి చూసేదాన్ని. మధ్యాహ్నం వాన పట్టుకుంటే, స్టవ్వు మీద అన్నం ఉడుకుతుండగా కళ్లు మూసుకుని, అక్కడా పడుతోందేమో అనుకునేదాన్ని. ఒక చెట్టు తలుపవుతుంది, రెండు కిటికీలవుతాయి, ఒకటి మంచం, మిగిలినవి అమ్మకానికి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ తలుపుకు ఏ రంగు వెయ్యాలో కూడా తేల్చుకున్నాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, నా జీవితంలో అంత సుఖంగా గడిచిన మధ్యాహ్నాలు తక్కువ.

ఒక ఎండాకాలం మొదట్లో జీతం బకాయిలు ఒక్కసారే చేతికొచ్చాయి. ఖమ్మం శివారులో చిన్న జాగా ధరలో సగం ఉంటుంది. కబురు ఎలా తెలిసిందో, ఆ నెల అన్న రెండుసార్లు వచ్చాడు. ఇంకో ముప్పై చెట్లు తీసుకొమ్మన్నాడు. ఫారం మీద సంతకం పెట్టేశాను. చెక్కుబుక్కు బ్యాంకు నుంచి ఇంకా రాలేదు గనక, వచ్చే ఆదివారం చెక్కు ఇస్తానన్నాను.

ఆ సోమవారమే ఒక గూడెంలో టీకాలు. ఒక ముసలమ్మ మనవరాలికి టీకా వేసి, ఆమె ఆరబోసిన ఇప్పపూల పక్కన కూలబడ్డాను. అక్కడ ఏ ఇప్పచెట్టు ఏ ఇంటివాళ్లదో గూడెమంతటికీ తెలుసు. కాగితం లేదు, కంచె లేదు. పూలు రాలే రోజుల్లో ఎవరి చెట్టు కిందికి వాళ్లే పొద్దున్నే వెళ్లి ఏరుకుంటారు. గొప్పకు పోయి, నాకూ చెట్లున్నాయని చెప్పాను.

"ఏడున్నయ్ నర్సమ్మా?" ఇంట్లో కోయ మాట్లాడే ఆమె నాతో తెలుగులో అడిగింది.

"దూరం. వేరే జిల్లాల."

"ఎంత లావైనయ్?"

"తెల్వదు."

"ఎవలు చూస్తున్నరు?"

"కంపెనీవాళ్లు."

"ఆళ్లనన్న చూసినవా?"

లేదన్నాను. ఆమె ఎగతాళి చేసినా బాగుండేది. జాలిగా చూసింది. "పోయి చూసి రారాదా బిడ్డా?" అంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఊరుకోలేదు. రెండు రోజులు సెలవు పెట్టి, ఖమ్మం వెళ్లి, అక్కణ్నుంచి మూడు బస్సులు మారాను. పత్రం మీద రాసిన ఊరు నిజంగానే ఉంది! బస్సు దిగి ఆ బోర్డు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సర్వే నంబరు చూపిస్తే ఒక రైతు వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. ఎర్రనేలే, నేను ఊహించినట్టే. ఆ నేలంతా కంది కోసిన మోళ్లు. "మొక్కలు పెట్టిన్రమ్మా, ఫోటోలు దిగిన్రు. నీళ్లు పోసినోళ్లు లేరు, ఎండకు సచ్చినయ్. ఆఫీసు గూడ ఎత్తేసిన్రు," అన్నాడాయన. చెంబుతో నీళ్లిచ్చాడు, తాగాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు బస్సుకూ అన్నకు పెట్టాల్సిన శాపనార్థాలు కూర్చుకుంటూ వచ్చాను.

ఆదివారం ఆయన స్కూటర్‌కు స్టాండు వేస్తుండగానే అనేశాను. "అన్నా, చెట్లకాడికి పోయొచ్చిన."

ఆయన ముఖం వెలిగిపోయింది. "పోయొచ్చినవా? ఎట్లున్నయ్ చెల్లె? ఎంత ఎత్తు లేసినయ్?"

కూర్చుకున్న తిట్లన్నీ నోట్లోనే ఆగిపోయాయి. "నువ్వు చూడలేదా అన్నా?"

"ఏడ తీరింది? పోదాం పోదామనుకుంటనే ఉన్న."

"లేవన్నా. ఒక్కటి గూడ లేదు."

ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. రిటైర్మెంట్ మీద వచ్చిన డబ్బంతా తను వాటిలోనే పెట్టాడట. రెండు వందల చెట్లు. కొత్తగూడెం హోటల్లో మీటింగు పెట్టి, టై కట్టుకున్న సారెవరో ఆయనకూ పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఇచ్చాడట.

ఆయన సంచిలోంచి నేను సంతకం పెట్టిన ఫారం తీసి చింపాను. ఆయన ఆపలేదు. "ఇగ నా పైసలు నేనే చూసుకుంట అన్నా," అన్నాను. "మునిగితే నా తెలివితోనే మునుగుత."

మర్నాడు బకాయిల డబ్బు దాచుకోవడానికి పోస్టాఫీసులో మూడు ఫారాలు ఖరాబు చేసి నాలుగోది సరిగ్గా నింపాను, వెనకవైపున్న చిన్న అక్షరాలు కూడా చదివాకే. అర్థం కానిచోట గుమాస్తాను విసిగించాను. ఆ తర్వాత ఏళ్లలో నా అంతట నేనే రెండు తప్పులు చేశాను, చిన్నవే. ఖమ్మంలో ఇల్లూ కట్టుకున్నాను, ఒకటిన్నర గది.

ఆ ఆదివారం మాత్రం ఇల్లు నాకు గుర్తు కూడా రాలేదు. అన్న లేచి స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నాడు గానీ కిక్కు కొట్టలేదు. "మా ఇంట్ల ఆమె మనవలకు చెట్లు పంచిపెట్టింది చెల్లె. గీనికి గిన్ని, గామెకు గన్ని అని. ఆమెకు ఏమని చెప్పాలె?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను సలహా అడగడం అదొక్కసారే. గదికి తాళం వేసి, స్కూటర్ వెనకెక్కి ఆయనతోపాటు మణుగూరు వెళ్లాను.