మసకబారిన రిఫ్లెక్టర్లు

ఆ రోజు మా ట్రెయిలరుకు ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడిందని రావులపాలెంలో వైరింగు షాపు ముందు బండి ఆపాను. లారీ వెనక తగిలించి లాగే పొడవాటి ట్రెయిలరు మాది. మామిడికుదురు వైపు గ్యాసు పనులకు ఇనుప పైపులు చేరవేసేవాణ్ణి. అంత పొడుగు బండి అవతలివాళ్ళకు కనబడాలంటే వెనక ఎర్ర లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు వెలగాలి. అవి ఆరిపోయినా బండి ఉందని తెలియడానికి వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, పక్కల పొడవునా పసుపు టేపు, ముందు తెల్ల టేపు ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా ఇన్‌స్పెక్టరు గారు బండిని వెనక్కి పంపేస్తారు.

షాపు నడిపే అబ్బులు పాతవన్నీ పీకేసి కొత్తవి బిగించాడు. పొద్దు వాలాక నేను కొంచెం దూరం వెళ్ళి టార్చి వేసి చూశాను. రిఫ్లెక్టర్లు పొగ వెనక ఉన్నట్టున్నాయి. వెళ్ళి గుడ్డతో తుడిచి వచ్చి మళ్ళీ చూశాను. అయినా అంతే.

"ఇవి డూప్లికేటు సరుకులా ఉన్నాయి అబ్బులూ. వెలుగే లేదు" అన్నాను.

అతను నా పక్కనే నిలబడి టార్చి తీసుకుని వేశాడు. "అదేంటండీ, నిప్పుల్లా మెరుస్తుంటేను. మీకు కనబట్టం లేదా అండీ?"

అప్పుడు ఒక కన్ను మూసుకుని చూశాను. తరవాత రెండోది మూసుకున్నాను. కుడి కంటితో సూటిగా చూస్తే రిఫ్లెక్టరు మాయమై, దాని పక్కనున్న చెక్క కనబడుతోంది. మా బావమరిదికి ఫోన్ చేసి, బండి అతనిచేత తోలించుకుని ఇంటికి వెళ్ళాను.

నాకు షుగరు ఉందని ఎప్పుడో తెలుసు. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకునేవాణ్ణి. సంగతి చెప్పగానే మా ఆవిడ సత్యవతి, "పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దామండీ" అంది. అమలాపురంలో కళ్ళద్దాలు మార్చుకుంటే సరిపోతుందనుకున్నాను. అక్కడ కళ్ళు చూసినాయన అద్దాలతో పోయేది కాదని కాకినాడ వెళ్ళమన్నాడు.

కాకినాడలో కళ్ళల్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. కంటి లోపలి పొరకు ఫండస్ ఫోటో తీశారు, ఓసీటీ అనే స్కాను తీశారు. డాక్టరమ్మ గారు కంప్యూటరు మా వైపు తిప్పి, "డయాబెటిక్ రెటినోపతీ అండీ, షుగరు వల్ల కంటి లోపలి పొర, రెటీనా, పాడైంది. సూటి చూపునిచ్చే మాక్యులాలో నీరు చేరింది. పోయిన చూపు మొత్తం తెస్తానని చెప్పలేను. ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం" అన్నారు.

"బండి తోలొచ్చాండీ?"

"వద్దండీ. మీరు ఒక్కరే కాదు కదా రోడ్డు మీద."

ఆ మాటతో నా డ్రైవరు పని పోయింది. ఆవిడ మెల్లగానే చెప్పారు, నేనూ తల ఊపాను.

తరవాత కంట్లో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వెళ్ళడం, చుక్కలు, వరసలో కూర్చోవడం, సూది, కంటికి కట్టుతో బస్సెక్కడం. సూది నొప్పి పెద్దది కాదు. కంటికి సూది వస్తోందని తెలిసి కదలకుండా పడుకోవడమే కష్టం. మధ్యలో లేజరు చేశారు, ఆ పచ్చ మెరుపులకు ఆ రోజంతా తలపోటు. ఇన్సులిన్ కూడా పెట్టారు. కొన్నాళ్ళకు గోడమీద బోర్డులో ఇంకో వరస చదవగలిగాను. సత్యవతి బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పి సంతోషపడింది.

ఆ సంతోషం నిలవలేదు. ఒక ఉదయం టీ తాగుతుంటే కుడి కంట్లో నల్లటి దారాలు జారినట్టయింది. చూస్తుండగానే మొత్తం చీకటి కమ్మింది. "విట్రియస్ హెమరేజ్. లోపల రక్తం చిమ్మింది. సర్జరీ చెయ్యాలి" అన్నారు డాక్టరమ్మ గారు. విట్రెక్టమీ చేసి ఆ రక్తం తీసేసి, రెటీనాను అదిమిపట్టడానికి కంట్లో గ్యాసు నింపి, కొన్నాళ్ళు తల ఎత్తకుండా బోర్లా ఉండమన్నారు. తినడం, పడుకోవడం, మాట్లాడటం అన్నీ నేలను చూస్తూనే. ఎవరైనా పలకరించడానికి వస్తే వాళ్ళ పాదాలు తప్ప మొహాలు చూడలేదు.

విసుగొచ్చి ఒకరోజు, "ఇంక నేను ఆసుపత్రికి రాను సత్యా. చాలు" అన్నాను.

"రాకపోతే మానేయండి. నేను మాత్రం పొద్దున్నే తయారై కూచుంటానండీ" అంది. పొద్దున్న ఆమె అన్నట్టే అన్నం కేరేజీ కట్టి గుమ్మంలో కూర్చుంది. నేను చొక్కా వేసుకున్నాను.

కుడి కంటికి ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి. ఎడమ కంటితో పెద్దక్షరాలు చదువుతాను. హెవీ లైసెన్సు రెన్యూవలుకు డాక్టరమ్మ గారు సర్టిఫికెట్ ఇవ్వలేనన్నారు. నేను రెండోసారి అడగలేదు.

చాన్నాళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు అబ్బులు వచ్చి, "ఊరికే కూచుంటే మనసు పాడైపోద్దండి. షాపుకి వచ్చెయ్యండి. ట్రెయిలరు వైరింగు మీ చేతికి అలవాటే కదండీ" అన్నాడు. నిజమే. లారీ నుంచి ట్రెయిలరుకు కరెంటు తీసుకెళ్ళే కేబులు ప్లగ్గులో ఏ పిన్ను వదులైందో వేలితో తెలుసుకోగలను. లైట్లు వెలిగాయో లేదో చెప్పడం మాత్రం సత్యవతి పని. మధ్యాహ్నం కేరేజీ తెచ్చినప్పుడు బండి వెనక నిలబడుతుంది. నేను క్యాబిన్‌లో బ్రేకు తొక్కుతాను. "కుడిది రాలేదండీ" అంటుంది. దిగి మళ్ళీ చూస్తాను. సాయంత్రానికి కళ్ళు, నడుము రెండూ అలిసిపోతాయి. పడుకుంటాను.

మొన్న ఒక ట్రెయిలరు డ్రైవరు లైట్లు బాగు చేయించుకుంటూ కూర్చున్నాడు. సీసాల కొద్దీ నీళ్ళు తాగుతున్నాడు.

"షుగరుందా అండీ?" అని అడిగాను.

"ఆయ్, ఉందండి. మాత్రలేసుకుంటున్నాను."

"రెటీనా చూపించుకున్నారా?"

"కళ్ళు బాగానే ఉన్నాయండి. జొన్నాడ నుంచి నేనే తోలుకొచ్చేను."

"బాగున్నప్పుడే వెళ్ళాలండీ. నాకు తెలిసేసరికి లోపల చాలా పాడైపోయింది" అన్నాను. అతను వెళ్తాడో లేదో తెలియదు.

ఇది చదివేవాళ్ళకూ అదే చెబుతున్నాను. షుగరు ఉంటే, చూపు ఎంత బాగున్నా సరే, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. చుక్కలు వేశాక చాలాసేపు అంతా మసకగా ఉంటుంది, అందుకని ఆ రోజు బండి తియ్యకండి. బస్సులో వెళ్ళండి. పక్కన మీ మనిషిని ఒకరిని తీసుకెళ్ళండి.