ఇరవై అని రాసి ఉన్న గొట్టం

1997 జూన్‌లో నన్ను విజయనగరం నుంచి టెక్కలి డివిజన్‌లోని ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. చేరిన వారానికే ప్రిన్సిపాల్ గారు లేబరేటరీ బాధ్యత కూడా నాకే అప్పగించారు. అంటే బీరువాల తాళాలు, స్టాకు రిజిస్టరు, విద్యార్థులు ప్రయోగాలు రాసే రికార్డు పుస్తకాల మీద సంతకం చేసే అధికారం, మూడూ నావే. తాళాల విషయంలోనూ రిజిస్టరు విషయంలోనూ నేను మహా కచ్చితమైనవాణ్ణి. సంతకాల సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

రెండో సంవత్సరం బీయస్సీ వాళ్ళు చేయాల్సిన ప్రయోగాల్లో పోలారిమీటర్ ఒకటి. మామూలు కాంతి అన్ని దిశల్లోనూ కంపిస్తుంది. దాన్ని నికోల్ అనే స్ఫటికపు పట్టకం గుండా పంపితే ఒక్క దిశలో కంపించేదే బయటికి వస్తుంది. కిటికీ చువ్వల మధ్యనుంచి తాడును ఊపితే, చువ్వల వెంబడి ఊగినంత మేరకే అవతలికి పోతుంది కదా, అలాగన్నమాట. దీన్ని ధ్రువిత కాంతి అంటారు. అది పంచదార నీళ్ళలోంచి వెళితే దాని కంపన దిశ కొంత పక్కకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిచేదే పోలారిమీటర్. ఒక చివర పసుపు వెలుగిచ్చే సోడియం దీపం, మధ్యలో ద్రావణం నింపిన గాజు గొట్టం, ఇవతలి చివర చేత్తో తిప్పగలిగే ఇంకో నికోల్ ఉంటాయి. కన్ను పెట్టి చూస్తే గుండ్రటి బిళ్ళ కనిపిస్తుంది, సగం వెలుగు, సగం చీకటి. రెండు సగాలూ ఒకే మసకలో కలిసిపోయేదాకా తిప్పి, పక్కనున్న డిగ్రీల స్కేలు చదవాలి. ముందు మంచినీళ్ళతో, తర్వాత పంచదార ద్రావణంతో చదివి, తేడాను గొట్టం పొడవుతో, ద్రావణం గాఢతతో లెక్క కడితే పంచదారకు అరవై ఆరున్నర రావాలి. ఆ అంకె పాఠ్యపుస్తకంలో అచ్చయి ఉంటుంది. గొడవంతా అక్కడే.

మా లేబరేటరీలో ఏటా అందరికీ అరవై ఆరున్నరే వచ్చేది. కొందరు మొహమాటానికి అరవై ఆరు పాయింట్ మూడు, పాయింట్ ఏడు అని వేసేవారు. నేను ఎర్ర ఇంకుతో సంతకం పెట్టి, నా బోధన మీద నాకే ముచ్చటేసి ఇంటికి వెళ్ళేవాణ్ణి.

2002 మార్చిలో వార్షిక ప్రాక్టికల్స్ జరిగాయి. పద్ధతి ఏమిటంటే, యూనివర్సిటీ పంపిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒకరు, కాలేజీ తరఫున ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా నేను. విద్యార్థి చీటీ తీస్తే ఏ ప్రయోగం వస్తే అది మూడు గంటల్లో చేయాలి. మొత్తం యాభై మార్కులు, అందులో పది రికార్డుకు. మార్కుల షీటు మీద ఇద్దరి సంతకాలూ ఉంటేనే చెల్లుతుంది. ఆ ఏడు వచ్చినాయన వేరే జిల్లా కాలేజీలో సీనియర్ రీడర్, హోదాలో నాకు పైవాడు. తక్కువగా మాట్లాడతాడు, ప్రతి అంకెనూ వేలు పెట్టి చదువుతాడు.

పోలారిమీటర్ చీటీ మార్తకు వచ్చింది. పూండి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. వాళ్ళమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. పరీక్ష దరఖాస్తు మీద వేలిముద్ర వేయడానికి వచ్చినప్పుడు ఆవిడ నాతో ఒకే మాట చెప్పింది. ఈ ఏడు తప్పిందంటే ఇక చదువు లేదని, కూతుర్ని తన పక్కనే పనికి కూర్చోబెట్టుకుంటానని. బెదిరింపుగా అనలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

గంటన్నర గడిచాక పోలారిమీటర్ ఉన్న చీకటి గదిలోకి వెళ్ళి మార్త కాగితం చూశాను. పదమూడు డిగ్రీల పైన రావాల్సిన తేడా పన్నెండు దగ్గరే ఆగిపోయింది. లెక్క కడితే అరవై. ఆ ద్రావణం పొద్దున నేనే తూచి కలిపాను, నూరు మిల్లీలీటర్లకు పది గ్రాములు. అందులో తప్పు లేదు. అందుకని తప్పు ఆమెదే అనుకున్నాను. బయట ఎగ్జామినర్ వేరే టేబుల్ దగ్గర ఉన్నాడు. గొంతు తగ్గించి, ఎంత రావాలో నీకు తెలుసు కదా, ఆ అంకె చూసి రాసేసి బయటికి రా అన్నాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను, నిజం.

మార్త చూపు స్కేలు మీంచి తిప్పలేదు.

“నాలుగుసార్లు తిప్పేను సార్. పన్నెండే వత్తంది. మీరొకపాలి సూడండి.”

నేను చూడలేదు. టైము లేదన్నాను.

ఎగ్జామినర్ వచ్చాడు. అరవై అనే అంకె దగ్గర వేలు ఆగింది. పక్కనే ఉన్న ఆమె రికార్డు తెరిచాడు. అదే ప్రయోగం, ఆగస్టులో చేసినట్టు, అరవై ఆరు పాయింట్ నాలుగు, కింద నా సంతకం. ఒకే పరికరం, ఒకే పంచదార, ఇంత తేడా ఎలా వచ్చిందని అడిగాడు. ఈ రెండింటిలో ఏది నిజమని అడిగాడు.

ఇలాంటప్పుడు విద్యార్థులు తల దించుకుని చెయ్యి వణికిందంటారు. ఎగ్జామినర్లు రెండు మార్కులు తగ్గించి వదిలేస్తారు. మార్త అలా అనలేదు.

“రికార్డులోది సీనియర్ల పుస్తకంలోంచి ఎక్కించింది సార్. ఇది నాను తిప్పి సదివింది.”

ఆయన నావైపు చూశాడు. రికార్డు కాపీ అని విద్యార్థి నోటితో ఒప్పుకుంటే దుష్ప్రవర్తన కింద రిపోర్టు రాయవచ్చు. అది పైకి వెళితే ఆ పేపరు రద్దయి, మళ్ళీ వచ్చే మార్చిదాకా ఆగాలి. ఆయన కలం మూత తీశాడు. రాస్తూనే, గొట్టం పొడవు ఎంత తీసుకున్నావని అడిగాడు. ఇరవై సెంటీమీటర్లు అంది. కొలిచావా అన్నాడు. లేదని, పెట్టె మీద రాసి ఉందని చెప్పింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేను చేరిన ఏడాదే ఆ గొట్టం టేబుల్ మీంచి దొర్లి చివర పెచ్చు ఊడింది. కొత్తది కావాలంటే కొనమని పైకి ఇండెంటు పెట్టి నెలలు ఆగాలి. పలాసలో ఒక కళ్ళద్దాల షాపతను ఊడిన చివర కోసి, సాన పట్టి, ఇత్తడి మూత మళ్ళీ బిగించి ఇచ్చాడు. రెండు సెంటీమీటర్లు తగ్గింది. సాయంత్రం పెట్టె మీద కొత్త కొలత చీటీ అంటిద్దామనుకున్నాను. అంటించలేదు. ఆ తర్వాత అయిదేళ్ళు ఆ పొట్టి గొట్టంతోనే మా పిల్లలందరికీ అరవై ఆరున్నర వచ్చింది.

ఆయన రిపోర్టు రాయడం ముగించి, సంతకం కోసం నావైపు జరిపాడు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, కొంతసేపు ఉంది కూడా. తర్వాత అటెండర్ సింహాచలాన్ని అడిగి స్కేలు తెప్పించి, గొట్టం కొలిచి ఆయన ముందు పెట్టాను. పద్దెనిమిది. ఎందుకు పద్దెనిమిదో చెప్పాను. ఆయన కాగితం మీద ఇరవై కొట్టేసి పద్దెనిమిది వేసి లెక్క కట్టాడు. అరవై ఆరు పాయింట్ ఆరు వచ్చింది. రిపోర్టు చింపేశాడు. ప్రయోగానికి, నోటి ప్రశ్నల వైవాకు కలిపి నలభైకి ముప్పై ఎనిమిది వేశాడు.

రికార్డు గడిలో మాత్రం సున్నా వేశాడు. కాపీ అని ఆమే ఒప్పుకుంది కాబట్టి మార్కు వేయడం కుదరదన్నాడు. మరి మిగిలిన వాళ్ళ రికార్డులు అన్నాను, సగం గొంతుతో. వాళ్ళెవరూ ఒప్పుకోలేదు కదా అన్నాడు. అప్పటికే షీటులో వాళ్ళందరికీ ఎనిమిది, తొమ్మిది పడి ఉన్నాయి. అవన్నీ దిద్దితే కాలేజీ మొత్తం మీద విచారణ వస్తుంది, దిద్దమంటారా, చెప్పండి అన్నాడు. షీటు నావైపు లాక్కున్నాను. సంతకం పెట్టాను.

మార్త పాసైంది, చదువు ఆగలేదు. గొట్టం గురించి ప్రిన్సిపాల్‌కు నేనే రాసి ఇచ్చాను, ఒక మెమో వచ్చింది, అది న్యాయమే. ఆ మర్నాటి నుంచి రిటైరయ్యేదాకా, నా కళ్ళ ముందు తీసిన రీడింగు తప్ప ఏ రికార్డు మీదా సంతకం పెట్టలేదు. దాంతో ఏడాదికి పదహారు ప్రయోగాలు తొమ్మిదికి పడిపోయాయి. సిలబస్ పూర్తి చేయలేదని తనిఖీకి వచ్చినవాళ్ళు రెండుసార్లు రాసి వెళ్ళారు. రాయనివ్వండి అనుకున్నాను.

కానీ ఆ రోజు ఆ హాల్లో ఇరవైరెండు రికార్డులు ఉన్నాయి. అన్నీ ఒక్కలాగే ఎక్కించినవి, అన్నింటి మీదా నా సంతకమే. సున్నా ఒక్కదానికే పడింది. పరికరం తప్పును స్కేలుతో అర నిమిషంలో సరిచేశాను. ఈ రెండో తప్పుకు స్కేలు అక్కర్లేదు, దిద్దండని ఇంకో మాట గట్టిగా అంటే చాలు. ఆ మాట నేను అనలేదు.