బావ కారుకు మొలిచిన మూడో కన్ను

తిరువళ్లూరులో చీరల వ్యాపారం చేసే మా బావ, ఆ ఎనభైల్లో తన అంబాసిడర్ ముందు అద్దం దగ్గర మద్రాసు నుంచి తెచ్చిన పెట్టె ఒకటి బిగించుకున్నాడు. ఎదురుబండి వెలుతురు తగిలితే హెడ్‌లైట్లను అదే దించుతుందట, బండి దాటాక అదే ఎత్తుతుందట. బావ చెబుతుంటే, రాకెట్లు వదిలేవాళ్లు కూడా దాని కాళ్లు మొక్కాల్సిందే. నాకు మాత్రం మొదటినుంచీ దానిమీద అనుమానమే.

ఆడి కృత్తిక పండగ ముందురోజు తిరుత్తణి కొండమీద దర్శనం చేసుకుని, పొద్దుగూకేవేళ బావా నేనూ కారులో తిరిగివస్తున్నాం. సున్నం కొట్టిన మైలురాయి తళుక్కుమన్నా లైట్లు భక్తిగా తలవంచాయి. అంతలో ఉత్తకాళ్లతో కొండకు నడిచే మొక్కుకావళ్లవాళ్లు ఎదురయ్యారు. వాళ్ల చేతుల్లో దీపం లేదు, కనుక పెట్టె లెక్కలో వాళ్లు మనుషులే కారు. లైట్లు నిండుగా మొహాలమీదే. కళ్లు బైర్లు కమ్మి, తూలుతూ కారుమీదికే వస్తున్నారు.

"దించు బావా."

"సుమ్మా గమ్మునుండు బామ్మర్దీ, పెట్టె చూసుకుంటాది."

నేను స్టీరింగు పట్టుకోబోతే తప్ప బ్రేకు వెయ్యలేదు. కావడి మోస్తున్న అవ్వ ఒకామె కిటికీలో తల పెట్టింది.

"యాడ చూస్తా తోలతా ఉండావు నాయనా?"

"అది పెట్టె పని అవ్వా."

"పెట్టెకి కండ్లుంటే నీకవెందుకు, మూసుకో."

బావ ఎడమకాలి కింద ఉన్న, లైట్లు దించే స్విచ్చి నొక్కాడు. చెంగల్పట్టు జిల్లా మొత్తం మా పక్కనుంచి నడిచివెళ్లింది. ఇంటిదాకా నేను రోడ్డు చూడలేదు, బావ ఎడమకాలినే చూస్తూ కూర్చున్నాను.