చాటెడు తవుడుకు కొన్న పేరు

నా పేరు మల్లమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో రాసిపెట్టినవాళ్ళు లేరు. శంషాబాద్ పక్క ఊళ్ళో నేను, నా కొడుకు, కోడలు ఉంటాం. కాన్పుకు వచ్చిన మనవరాలు, ఆమె పసిపిల్ల ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా ఎదురింటి ఆపా పోయిన శుక్రవారం పొద్దున చనిపోయింది. అక్కను ముస్లింలు ఆపా అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆ పొద్దున ఆమె కోళ్ళు మా వాకిట్లోకి వచ్చాయి గానీ, వాటి వెనక ఆమె తిట్లు రాలేదు. వెళ్ళి చూస్తే గంప ఎత్తి కోళ్ళను వదిలి, గడప మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

ఆమె గురించి చెప్పాలి, ఒక తగువు కూడా తేల్చాలి. మా మునిమనవరాలికి పెంటమ్మ అని పేరు పెట్టాం. ఈ రోజుల్లో ఆడపిల్లకు చెత్తకుప్ప పేరేమిటి, ముసలిదానికి మతి పోయిందని చుట్టాలు అంటున్నారు. మతి ఎవరికి పోయిందో విన్నాక చెప్పండి.

నాకు వరసగా ముగ్గురు పిల్లలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. నాలుగోసారి మగపిల్లవాడు. నేను వాడి మొహం చూడలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాను. చూస్తే మళ్ళీ ఏడవాలి కదా. ఆపా వచ్చింది. "ఇటియ్యే గా పిల్లగాన్ని" అని వాడిని చాటలో పడుకోబెట్టి, కొట్టం వెనక పెంటకుప్ప మీద పెట్టింది. వీపు తిప్పి పది అడుగులు నడిచి, వెనక్కి తిరిగి ఊరంతా వినేట్టు అరిచింది.

"అరె, ఈ పెంటను ఎవలు పారేసిన్రే! ఎవలకు వద్దంటే నేను తీస్కపోత!"

మూడు రోజులు పిల్లవాడు వాళ్ళ ఇంట్లోనే. నేను పరాయిదానిలా వెళ్ళి పాలిచ్చి వచ్చేదాన్ని. భయంగా ఉందంటే నవ్వింది. "ఏం పరేషాన్ గాకు. మీ యముడు మీ ఇంట్ల దేవులాడతడు గని, మా ఇంట్లకెందుకొస్తడే?"

నాలుగోనాడు చాటెడు తవుడు పోసి, నా కొడుకును నేనే కొనుక్కున్నాను. ఆ తవుడు ఆమె కోళ్ళు తిన్నాయి. పేరు ఆమే పెట్టింది, పెంటయ్య అని. చావుకు కూడా అసహ్యం పుట్టాలంది.

దొరికిన పిల్లను మెచ్చుకోకూడదు, మెచ్చుకుంటే దిష్టికి దారి దొరుకుతుంది అనేది. నలభై ఏళ్ళు ఆ మాట మీదే ఉంది. రంజాన్ నాడు సేమ్యా పాయసం మొదటి గిన్నె వాడికే వచ్చేది, "తిను, కుక్కకేసే బదులు నీకేసిన" అంటూ. వాడి పెళ్ళిలో వియ్యంకుల ముందే "ఈ పెంటకు పిల్లనిచ్చిన గుడ్డోళ్లెవలే?" అంది. మా వియ్యంకుడి మొహం మాడిపోయింది. పందిరి వెనక ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే చూసింది నేనొక్కదాన్నే.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక నా కొడుక్కి అక్కడ సామాన్ల బండ్లు తోసే పని దొరికింది. మెడలో పేరు రాసిన కార్డు. పెంట అంటే ఏమిటని తెలుగు రాని తోటి పనివాడొకడు అడిగితే వీడు చెప్పాడు. ఆ రోజు నుంచి వీడిని హిందీలో "కచరా", అంటే చెత్త, అని పిలిచారట. కార్డు తిరగేసి వేసుకోవడం మొదలుపెట్టాడు. అడిగినవాళ్ళకు ప్రసాద్ అని చెప్పేవాడు. పేరు మార్చుకునే కాగితాలు కూడా తెచ్చుకుని, ఆపా ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"తీసేయ్‌రా. బతికినవ్ గద, ఇగ పేరుతోటి పనేముంది?" అంది ఆపా. "గని తవుడు వాపస్ అడగకు. కోళ్లు తిన్నయి."

ఆ కాగితాలు ఇప్పటికీ మా బియ్యం డబ్బా వెనకే ఉన్నాయి.

మనవరాలికి బిడ్డ రెండు పిడికిళ్ళంత పుట్టింది. దవాఖానలో పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి తెచ్చిననాడు ఆపా వచ్చి వంగి చూసి, "ఛీ, ఎలుకపిల్ల" అంది. మనవరాలు బిడ్డను లోపలికి తీసుకుపోయి తలుపేసుకుంది.

"పది దినాలు కన్ను మూయలే నానమ్మా. గామెకు నోరెట్లొచ్చింది?"

పోయిన ముగ్గురి సంగతి పచ్చి బాలింతకు ఎలా చెప్పను? ఊరుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ మూసుకోకూడనప్పుడు. ఆపా మూడు రోజులు మా వాకిలి దాకా వచ్చింది, మూసిన తలుపు చూసి వెనక్కి పోయింది. నాలుగోనాడే ఆ శుక్రవారం.

ఆమెను తీసుకుపోయాక మనవరాలికి అంతా చెప్పాను. "అంటే, నా బిడ్డను బతుకుమన్నదా?" అంది. అవునన్నాను. ఫోనులో వెతికి పెట్టుకున్న పేరు వదిలేసి, "పెంటమ్మ అనే పెడత" అంది.

నా కొడుకు లేచాడు. "నేను మోసిన, చాలు. బడిల నవ్వుతరు, నౌకరీల నవ్వుతరు. దానికెందుకు బిడ్డా?"

వాడన్నది అబద్ధం కాదు.

"నవ్వితే ఆపా సంగతి చెప్తది, బాపూ" అంది మనవరాలు. వాడు ఒప్పుకోలేదు.

తొట్టెలనాడు, అంటే బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజు, మనవరాలు బిడ్డను చాటలో పెట్టి, ఆపా గడప మీద ఉంచి పది అడుగులు వెనక్కి వచ్చింది. తలుపుకు తాళం ఉంది. ఎత్తుకునే మనిషే లేదన్నది అప్పటిదాకా మాకు తోచలేదు. కన్నదీ, నేనూ ఎత్తకూడదు, ఆ ఇంటి మనిషే ఎత్తాలి. చాటలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. కొడుకు డ్యూటీకి బయలుదేరి వాకిట్లో ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మూడు రోజులు ఆ ఇంటి బిడ్డగా ఉన్నవాడు వాడే కదా, వెళ్ళి వంగాడు.

"అరె, ఈ పెంటను ఎవలు పారేసిన్రే..."

అంతవరకే అన్నాడు. ఎత్తుకున్నాడు. వాడి కార్డు బిడ్డ పిడికిట్లో చిక్కుకుని, పేరున్న వైపు ఇటు తిరిగింది.

నేను చాటెడు తవుడు ఆ గడప ముందు పోశాను. ఆపా కోళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఉరికి వచ్చాయి. తిట్టేవాళ్ళు లేకపోయినా, తినే ముందు ప్రతి కోడీ ఒకసారి తల ఎత్తి తలుపు వైపు చూసింది.

చెప్పింది నేనే. చదివించుకుని విన్నాను, సరిగ్గానే ఉంది.

మల్లమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
పెంటయ్య, కొడుకు
రేణుక, రాసినది, పెంటమ్మ తల్లి