నా నోట్‌బుక్‌లో సున్నాలు

శుక్రవారం, ఇక్కడ గల్ఫ్‌లో సెలవు. పొద్దున్నే రెండు విడతల బట్టలు ఉతికాను, వారానికి ఇడ్లీ పిండి రుబ్బాను, టిఫిన్ కట్టి అల్ తుమామా మైదానానికి వెళ్ళాను. మా అమ్మాయి శ్రావ్య అక్కడ బేస్‌బాల్ రెండో జట్టులో ఆడుతుంది. ఈ రోజు కూడా ఒక్క బంతీ కొట్టలేదు. మూడుసార్లు మొదటి బేస్‌కి ఊరికే నడిచి వెళ్ళింది. తన ఆట లెక్క రాసుకునే నోట్‌బుక్‌లో మూడు సున్నాలు వేసి, జట్టులోంచి తీసేస్తారని భయపడి, నేరుగా కోచ్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, తీసెయ్యకండి. ఇకమీదట కొట్టేలా నేను చూస్తాను."

"అంత పని చెయ్యకండి మేడమ్! నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే కొట్టకుండానే బేస్ దక్కుతుంది, పరుగుకి అదీ దారే. ఆ ఓపిక మా వాళ్ళలో ఇంకెవరికీ లేదు. వచ్చే వారం తనని మొదటి జట్టులోకి తీసుకుంటున్నాం."

క్రికెట్ చూస్తూ పెరిగినదాన్ని, "కొట్టవేమే" అని నెలల తరబడి తిట్టాను. మీరూ ఇలా తెలియక తిట్టారా? నేను మాత్రం ఇంటికొస్తూ కార్లోనే శ్రావ్యకి సారీ చెప్పి, ఆ బాకీ తీర్చేశాను.