పడవ రాని రేవులో మామ్మగారి ప్రాణం

మనిషి మంచం మీద ఉండగానే ప్రాణం మాత్రం బయటికి వెళ్ళి ఊళ్ళు తిరిగి రాగలదా అనే ప్రశ్న నాకు వేదాంతం వల్ల రాలేదు, పోస్టుకార్డు వల్ల వచ్చింది. మా పెద్దమ్మాయి సుభద్రకు రాజోలులో సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి ప్రకాశరావు బడిలో లెక్కల మాస్టారు. వాళ్ళింటి మగవాళ్ళు మా ఊరు అమలాపురం వచ్చి, పిల్లను చూసి, నచ్చిందని చెప్పి వెళ్ళారు. పిల్లకూ అబ్బాయి నచ్చాడు. పైకి అనలేదు గాని, ఆ రోజు నుంచి రాజోలు మాట ఎవరెత్తినా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. ఇక తాంబూలాలకు రోజు చూడమంటారని ఎదురుచూస్తుంటే, అబ్బాయి తండ్రి దగ్గర నుంచి ఈ కార్డు వచ్చింది. ఆయన తల్లిగారు జ్వరంలో ఉండగా శరీరం వదిలి, సూక్ష్మరూపంలో మా ఇంటికి వచ్చి చూశారట. పొద్దెక్కినా అమ్మాయి ముసుగుతన్ని పడుకునే ఉందట. ఆవిడ మాట ఆ ఇంట్లో కాదనేవారు లేరు కనుక, ఈ విషయం ఇంతటితో ఆపడం మంచిదట.

అది అబద్ధమైతే నాకు కోపం వచ్చేది. భయం వేసింది. ఎందుకంటే మా సుభద్ర పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకునే మాట నిజం. "ముసలావిడ కలగంది, వదిలెయ్" అన్నారు మావారు. కలైతే ఆ ఒక్క సంగతి అంత సరిగ్గా ఎలా తెలిసింది? ఏదైనా స్వయంగా చూసి, అడిగి తేల్చుకుంటే గాని నాకు తోచదు. మావారికి ఊడ్పుల రోజులు కావడంతో, మా తమ్ముడు సూర్యాన్ని తోడు తీసుకుని, ఒక చక్రకేళీ గెలతో మర్నాడే బయలుదేరాను.

యుద్ధం అయిపోయినా మా వైపు బస్సులు ఇంకా బొగ్గు మీదే నడుస్తున్నాయి. ఏడు గంటల బస్సు అంటే ఏడింటికి దాని వెనకనున్న బొగ్గు పొయ్యి రాజేస్తారని అర్థం. ఎనిమిదింటికి కదిలింది. బోడసకుర్రు రేవుకు మనిషికి నాలుగణాలు. గెలకు రెండణాలు అదనం. "ఇది కూడా కూర్చుంటుందా?" అని సూర్యం అడిగితే, "మీరు ఒళ్ళో పెట్టుకుంటే చంటిపిల్లండి. కింద పెడితే సామానండి" అన్నాడు కండక్టరు. బస్సు రెండుసార్లు ఆగింది. రెండోసారి మగవాళ్ళందరూ దిగి తోశారు. బట్టలు తెల్లవైతే వెనక సీట్లు వద్దు, మసి పడుతుంది.

రేవులో వైనతేయ గోదారి నిండుగా ఉంది. పోటు సమయం, పడవ ఒడ్డుకే వచ్చి ఆగింది. దాటింపు మనిషికి అణా. సూర్యానికి నోరు ఊరుకోదు. "ఏమయ్యా, ఒంటిని ఇంట్లో వదిలేసి వట్టి ప్రాణంతో వచ్చినవాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటావు?" అని అడిగాడు.

పడవవాడు గెడ వేస్తూనే ఆలోచించాడు. "ఒళ్ళు లేకపోతే బరువేముంటాదండీ. అయినా ఎక్కేక అణా అణాయేనండి. వాళ్ళు మాత్రం ఊరికే ఎందుకు దాటాలండీ?"

అవతల పాశర్లపూడిలో జట్కావాడు రూపాయిన్నర అడిగాడు. రూపాయికి ఒప్పుకున్నాడు. నగరం మీదుగా, కొబ్బరితోటల నీడలో ప్రయాణం హాయిగా ఉంటుంది. రాజోలులో ఎవరింటికని అడిగి, చెప్పగానే వెనక్కి తిరిగి చూశాడు.

"మామ్మగారింటికాండీ! ఆయ్! ఆవిడ మొన్న మంచం దిగకుండా అమలాపురం వెళ్ళొచ్చేరటండీ. అందరూ అలా నేర్చుకుంటే నా గుర్రానికి గడ్డెవరేస్తారండీ?"

సంగతి అప్పుడే ఊరంతా పాకిందన్నమాట. సంబంధం పోవడం ఒక ఎత్తు, మా పిల్ల నిద్ర జట్కాల మీద ఊరేగడం ఇంకో ఎత్తు.

మధ్యాహ్నానికి చేరాం. కార్డు రాసిన ఆయన పొలం వెళ్ళారు. అబ్బాయి తల్లి రాజేశ్వరిగారు కాళ్ళకు నీళ్ళిచ్చి, "రండి వదినగారూ" అని ఏమీ జరగనట్టే పిలిచారు. ఆ పిలుపుతో కొంచెం ధైర్యం వచ్చింది. ఆనపకాయ పులుసు, కందిపచ్చడితో కడుపునిండా భోజనం పెట్టాక, మామ్మగారి దగ్గరకు తీసుకెళ్ళారు. ఆవిడ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి. నేలను తప్ప దేన్నీ తిన్నగా చూడలేరు. గొంతు మాత్రం నిటారుగా ఉంది.

"మామ్మగారూ, మా ఇంటికి వచ్చేరటండీ. తెలియక మర్యాద చెయ్యలేకపోయేం. ఏ దారిన వచ్చేరండీ?" అని అడిగాను.

"ఉన్నది ఒకటే దారి కదమ్మా" అన్నారు. "జ్వరం మండిపోతోంది. ఉన్నట్టుండి దూదిపింజలాగ పైకి తేలిపోయేను. కింద నా ఒళ్ళు నాకే కనపడింది. ఎంత చిక్కిపోయేనో! సరే, లేచేను కదా, పిల్లెలా ఉందో చూసొద్దామని బయల్దేరేను. నగరం దాటేను. పాశర్లపూడి రేవుకొచ్చేను. పడవ లేదు."

"గాల్లో తేలేవారికి పడవెందుకండీ?" అన్నాడు సూర్యం.

"పడవ లేకుండా గోదారెలా దాటను నాయనా? మునిగిపోనూ?"

రాజేశ్వరిగారు అవునన్నట్టు తలూపారు. నిజం చెప్పాలంటే నాకూ అది సబబుగానే తోచింది. పుట్టి బుద్ధెరిగాక రేవు దాటకుండా ఎక్కడికైనా వెళ్ళామా?

"చూసేను, చూసేను, పడవ రాలేదు. విసుగొచ్చి ఓసారి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మీ ఇంట్లో ఉన్నాను. నాలుగువైపులా పెంకులు, మధ్యలో మండువా. తులసికోట. మూల పగిలిన గాబు. వసారాలో తల నుంచి కాళ్ళదాకా దుప్పటి కప్పుకుని మీ పిల్ల! ఎండ కాళ్ళమీదకొచ్చినా కదిలితే ఒట్టు. పైగా దూలం మీద అడకత్తెర పడేసుంది, దుమ్ముకొట్టుకుని. ఆడపిల్లున్న ఇల్లు అలాగేనా ఉండేది?"

నాకు ఊపిరి వచ్చింది. మాది మూడు గదుల చిన్న డాబా. మండువా లేదు, దూలం లేదు, తులసి నూనెడబ్బాలో ఉంటుంది. తలెత్తి చూశాను. నాలుగువైపులా పెంకులు. ఎదురుగా తులసికోట. మూల పగిలిన గాబు. కాని మీరు చూసింది తప్పు అంటే పెద్దావిడను అవమానించినట్టే, సంబంధం అక్కడితో సరి.

"మామ్మగారూ, పడవ రాలేదన్నారు కదండీ?"

"రాలేదు."

"పడవ లేకుండా గోదారి దాటలేం కదండీ?"

"ఎలా దాటుతాం?"

"మరి మీరు మా ఇంటికెలా వచ్చేరండీ? విసుగొచ్చి మీ ఇంటికే తిరిగొచ్చేసేరేమోనండీ."

మామ్మగారు మెడ పక్కకు తిప్పి గాబు వైపు చూశారు, తులసికోట వైపు చూశారు. "నా ఇంటిని పైనుంచి ఎప్పుడైనా చూసేనా ఏమిటి, గుర్తుపట్టడానికి!" అన్నారు చివరకు. తరువాత గొంతు పెంచి, "అయితే ఆ ముసుగుతన్నిందెవరే?" అని కోడలిని అడిగారు.

రాజేశ్వరిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఇంకెవరండీ అత్తయ్యగారూ, మీ మనవడే. రోజూ దుప్పటి లాగితే గోడవైపు తిరుగుతాడు." మధ్యాహ్నం భోజనానికి బడి నుంచి అప్పుడే వచ్చిన మాస్టారు, గుమ్మంలో ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

అంతటితో నవ్వుకుని లేచేవాళ్ళమే. కాని రాజేశ్వరిగారికి ఏదో గుర్తొచ్చింది. "మన అడకత్తెర పోయి ఏడాదైందండీ. పక్కింటావిడ పట్టుకుపోయిందని మాటలు కూడా మానేసేం." మాస్టారు నిచ్చెన వేసి దూలం మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కిందికి వచ్చేసరికి దాంట్లో దుమ్ముకొట్టుకుపోయిన అడకత్తెర ఉంది. ఎవరూ నవ్వలేదు. సూర్యం కూడా.

"చూసేరా! వెళ్ళలేదంటారేమిటి? వెళ్ళేను. రేవు దాటలేదంతే" అన్నారు మామ్మగారు.

అంత చూసిన మనిషి దగ్గర ఇంకేం దాస్తాను? "మామ్మగారూ, మా పిల్ల కూడా పొద్దున్నే లేవదండీ" అనేశాను. మాస్టారు నిచ్చెన మీదే ఉన్నాడు. అతని మొహం వెలిగినట్టు నాకనిపించింది.

"ఇద్దరూ లేవకపోతే ఇక పోట్లాటేముంది?" అన్నారు మామ్మగారు, అడకత్తెరను కొంగుతో తుడుచుకుంటూ. "తాంబూలాలు మాత్రం సాయంత్రం ముహూర్తానికి పెట్టించండి."

ఇద్దరికీ రానూపోనూ, గెలతో సహా, మూడు రూపాయల ఆరణాలు అయింది. తిరుగు దారంతా ఆలోచించాను. ఎలుక ఈడ్చుకుపోయి ఉండవచ్చు. ఆవిడే నడుము వంగకముందు అక్కడ పెట్టి మరిచి ఉండవచ్చు అనుకుందామంటే, నడుము వంగి ఏళ్ళైందట, అడకత్తెర పోయింది నిరుడే. ప్రాణం ఒంటిని వదిలి తిరుగుతుందా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, అమలాపురం దాకా వస్తుందని చెప్పలేను. రాజోలులో ఒక దూలం దాకా మాత్రం వెళ్తుంది. ఇంటికి రాగానే బీరువా పైన దుమ్ము దులిపాను. ఆవిడకు ఈసారి పడవ దొరకవచ్చు. సుభద్రకు కబురు చెబితే గిన్నె చప్పుడు ఆగింది. మర్నాడు యథాప్రకారం పొద్దెక్కాకే లేచింది.

మీరూ ఆ వైపు వెళ్తే, తిరుగు ప్రయాణానికి పాశర్లపూడి రేవుకు పొద్దు వాలకముందే చేరండి. చీకట్లో పాటు తగిలితే నీరు తగ్గి పడవ ఒడ్డుదాకా రాదు, మోకాలి లోతు బురదలో నడవాలి. చిల్లర అణాలు దగ్గర ఉంచుకోండి. పడవ ఆలస్యమైతే విసుక్కోకుండా కూర్చోండి, కళ్ళు మాత్రం మూసుకోకండి.