కోటయ్య బాబాయి దాటిన ఎర్రలైటు

కోటయ్య బాబాయి చేత ఎర్రలైటు దాటించిన ఘనుణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. ఈ ఉదయం నందిగామ సిగ్నల్ దగ్గర బండి ఆపితే, వెనక లారీవాడు చెవులు చిల్లులు పడేలా హారన్ మోగించాడు. ఆ మోతకు ఆయన గుర్తొచ్చాడు.

మా నాన్న కాలం నుంచీ, జగ్గయ్యపేటలోని మా ఇంటి నుంచి నందిగామలో మా స్టీలు సామాన్ల కొట్టుకు సరుకు ట్రాలీ తోలింది ఆయనే. పసుపు లైటు పడితే చాలు, గీతకు ఇవతలే ఆపేవాడు. "అందరూ పసుపు చూసి స్పీడు పెంచుతుంటే నువ్వేంటి బాబాయ్" అంటే, "పసుపంటే ఆగమనేనండి, ఉరకమని కాదు" అనేవాడు. రోడ్డు ఖాళీగా ఉన్నా అంతే. మాది చెప్పులు కొన్నా సగానికి అడిగే వంశం. పక్క సీట్లోంచి సిగ్నల్ మీద సెకన్ల అంకెలు చూసి, "ముప్ఫయ్యా? పదిహేనుకి పోనీ" అనేవాణ్ణి. "ఈ కొట్లో ఫిక్సుడు రేటండి, అబ్బాయిగారూ" అని నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్నే దారిలో ఉండగా గుమాస్తా ఫోను చేశాడు. చందర్లపాడు నుంచి పెళ్లి సామాను కొనేవాళ్లు వచ్చి కూర్చున్నారట, పక్క కొట్టు వైపు చూస్తున్నారట. బోణీ బేరం తిరిగిపోతే ఆ రోజంతా గల్లాపెట్టె మూతపడ్డట్టేనన్నది మా ఇళ్లలో ఉగ్గుపాలతో పోసిన నమ్మకం. సరిగ్గా అప్పుడే ఎర్రలైటు పడింది.

"ఎవరూ లేరుగా, పోనీ."

"వద్దండి."

"బండి నాది. పోనిమ్మంటున్నానా."

ఆయన నా వంక ఒకసారి చూసి గేరు వేశాడు. పక్క రోడ్డు నుంచి, తనకు పచ్చలైటు పడితే సైకిల్ మీద వస్తున్న పాలాయన్ని మా బండి గుద్దేసింది. పాలాయన కాలు విరిగింది.

పోలీసు అడిగితే, "నేనే తొందరపడ్డానండి" అన్నాడు బాబాయి. రూపాయి కోసం గంటసేపు వాదించగల నా నోరు ఆ పూట పెగల్లేదు.

లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. గడువు తీరాక బండి తాళం ఇవ్వబోతే బాబాయి తీసుకోలేదు. "మీరే నేర్చుకోండి. పక్కన కూర్చున్నోళ్ల మాట మాత్రం వినకండి" అన్నాడు. మళ్లీ స్టీరింగు పట్టకుండానే కన్నుమూశాడు.

నేర్చుకున్నాను. గీత దాటను.

ఆ పొద్దున బోణీ అయింది, మంచి బేరమే. జరిమానా, ఆసుపత్రి ఖర్చు నేనే కట్టాను. పాలాయన ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. బాబాయికి తెలిసిన ఒక్క పనీ పోయింది. పోలీసు కాగితంలో తప్పు ఇవాళ్టికీ ఆయన పేరు మీదే ఉంది. అది నాదని చెప్పడానికి నేను వెళ్లలేదు.